వేలు పడని వాడలో నా కాపలా

నేను ఒక సెల్‌ఫోన్‌ని. ఫోన్ తన కథ తానే చెప్పుకోవడమేమిటని ముక్కున వేలేసుకోకండి. ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేసి "హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాను" అనగానే మీరు కూర్చున్న చోటి నుంచి లేచి మరీ నమ్ముతారు. ఆరేళ్లు మీ జేబుల్లో, మీ దిండ్ల కింద, మీ నడుముకు చెక్కుకున్న సంచుల్లో బతికిన నన్ను నమ్మడానికి ఏం వచ్చింది?

నేను పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నాకు కళ్లూ చెవులూ అతికించారు. చివర్లో ఒక అమ్మాయి తన బొటనవేలు నా వీపు మీద పెట్టి చూసింది. నేను వెంటనే తెరుచుకున్నాను. ఆ పిల్ల తృప్తిగా తలూపి నన్ను డబ్బాలో పెట్టింది. లోకంలో ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకేలా ఉండవని, యజమాని వేలు తప్ప మరొకటి తగిలితే తలుపు తీయకూడదని నాకు నూరిపోసి పంపారు. దాంతో నాకు గర్వం తలకెక్కింది. నేను ఉత్త ఫోన్‌ని కాను, కాపలాదారుని అనుకున్నాను. అసలు ముద్రలే లేని వేళ్లు కూడా ఉంటాయని మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఒక బ్యాంకు ఆఫీసరు, సూర్యప్రకాశరావు గారు. ఆయన పని ఊరూరా తిరిగి జనానికి జాగ్రత్తలు చెప్పడం. "పిన్ ఎవరికీ చెప్పకండి, ఓటీపీ కన్నతల్లికి కూడా చెప్పకండి, తెలియని లింకు ముట్టుకోకండి" అని మైకులో గంటసేపు దంచేవారు. ఆ గంటసేపూ నేను ఆయన జేబులో వెచ్చగా పడుకుని నవ్వుకునేదాన్ని. ఎందుకంటే ఆయన ఏటీఎం పిన్ నా దగ్గరే ఉండేది. "ఏటీఎం సుబ్బారావు" అని ఒక పేరు పెట్టి, నంబరు చివర ఆ నాలుగంకెలూ దాచుకున్నారు. అంత తెలివి ప్రపంచంలో తనకొక్కడికే వచ్చిందని ఆయన ధీమా. ఇలాంటి సుబ్బారావులు ఇంటికొకడు చొప్పున ఉన్నారని నాకు తోటి ఫోన్లను చూశాక తెలిసింది.

ఒకనాడు ఆయనకు మెసేజ్ వచ్చింది. కరెంటు బిల్లు కట్టలేదు, సాయంత్రానికి సరఫరా ఆపేస్తాం, ఫలానా లింకు నొక్కండి అని. ఆయన అప్పుడు ఒక సదస్సుకు వెళ్లే తొందరలో ఉన్నారు. తెలియని లింకు ముట్టుకోకండి అని చెప్పడానికి వెళుతూ, కారులో కూర్చుని, ఆ లింకు ముట్టుకున్నారు. పంతొమ్మిది వేలు గంగలో కలిశాయి. బ్యాంకులో చెప్పారా? లేదు. భార్యకు చెప్పారా? ఎవరో స్నేహితుడికి చేబదులు ఇచ్చానన్నారు. పోలీసులకు? వాళ్లకు పాఠం చెప్పేదే తానాయె! వారం తిరక్కుండా నన్ను పాతది కింద మార్చేసి కొత్త ఫోన్ కొనుక్కున్నారు. నేను పాతబడి కాదు లెండి, ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. పోతూ పోతూ ఫోటోలన్నీ చెరిపేశారు గానీ సుబ్బారావును మరిచిపోయారు. అతను నాలోనే ఉండిపోయాడు. అదృష్టం బాగుండి తరవాతి యజమాని అతనికి ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

అక్కడి నుంచి చేతులు మారి మారి నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ బస్టాండు ఎదురుగా ఉన్న ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి చేరాను. దుకాణం శ్రీకాంత్‌ది. మంచివాడు, మాట తియ్యన, పనిలో చురుకు. అతని దగ్గర ఒక గొప్ప ఏర్పాటు ఉంది. ఫోన్ కొన్న ప్రతి ముసలమ్మకూ, ప్రతి పెద్దాయనకూ ఫోన్ పిన్ను, బ్యాంకు యాప్ పిన్ను తానే పెట్టేవాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మరిచిపోతే మళ్లీ తన దగ్గరికే రావాలి, అందుకని అందరికీ ఒకటే. ఆ విధంగా చుట్టుపక్కల పది ఊళ్ల తాళాలకు ఒకే చెవి. నన్ను కొనడానికి సాయవ్వ అనే పెద్దావిడ వచ్చినప్పుడు కూడా అంతే చేశాడు. నా భాష ఇంగ్లీషులోనే ఉంచాడు. తెలుగు పెట్టొచ్చు గదా అని అక్కడున్న ఎవరో అంటే, "తెలుగు పెడితే నాకే అర్థం గాదన్నా" అన్నాడు. నాలో ఒక్కో పెట్టె తెరుస్తూ, నేను అడిగిన ప్రతిదానికీ చూడకుండానే "అలౌ" కొట్టాడు. ఫోటోలు చూడొచ్చా? చూడు. మెసేజీలు చదవొచ్చా? చదువు. మైకు వాడొచ్చా? నీ ఇష్టం. కాపలాదారుగా నా కొత్త ఉద్యోగం అలా బార్లా తెరిచిన తలుపులతో మొదలైంది.

సాయవ్వకు అప్పుడు అరవై ఏళ్లు. బీడీలు చేస్తుంది. ఆమె ఉండేది ఊరి చివర బీడీ కాలనీలో. అక్కడ ప్రతి గడప ముందూ ఒక ఆడమనిషి, ఆమె ఒడిలో ఒక చాట, చాటలో తడిపిన తునికాకు, పొగాకు పొడి. ఇంటికి తెచ్చుకున్న మొదటి రోజే ఆమె తన బొటనవేలు నా వీపు మీద పెట్టింది. నాకేమీ కనిపించలేదు. మళ్లీ పెట్టింది. నున్నగా, గాజు పలకలా ఉంది. చూపుడువేలు పెట్టింది, అదీ అంతే. పన్నెండో ఏట నుంచి ఆకు చుట్టీ చుట్టీ ఆ వేళ్ల గీతలన్నీ అరిగిపోయాయి. పుట్టుకతో వచ్చిన గుర్తును కంపెనీ వాళ్ల బీడీల్లో చుట్టి ఇచ్చేసింది. నేర్పిన పాఠం ప్రకారం నేను తలుపు తీయలేదు.

"ఇది గూడ వేలు పట్టదా?" అంది సాయవ్వ, పెద్దగా ఆశ్చర్యపోకుండా.

పక్కింటి గడపలో కూర్చున్న గంగామణి నవ్వింది. "మన వేళ్లు దేనికి పడ్తయక్కా? రేషన్ కాడ పడయి, పింఛన్ కాడ పడయి."

ఆ వాడలో ఎవరి వేలూ పడదు. రేషను బియ్యానికి వెళ్తే మిషను మీద వేలు పెట్టడం, సబ్బుతో కడుక్కుని మళ్లీ పెట్టడం, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టడం, చివరికి వెనక నిలబడ్డవాళ్లు విసుక్కోవడం. సాయవ్వకు పీఎఫ్ డబ్బు యాభై ఎనిమిదో ఏటే రావాలి. వేలు పడలేదని మూడేళ్లు తిప్పారు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటుంది, ఆధార్ కార్డు చేతిలో ఉంటుంది, మొహానికి కార్డులోని మొహం పోలికలే ఉంటాయి. కానీ మిషను ఒప్పుకోదు. ఆమె సాయవ్వే అని ఊరంతా చెప్పినా చాలదు, ఒక అద్దం ముక్క చెప్పాలి. నేనూ ఆ జాతిదాన్నే కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

ఆ వాడలో ఇంకొక పద్ధతి ఉంది. రెండు చేతులూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, పైగా పొగాకు పొడి అంటుకుని ఉంటాయి. అందుకని ఫోన్ వస్తే చిటికెన వేలితో నొక్కి, స్పీకర్ పెట్టి, నేల మీద ఉంచుతారు. మాట్లాడేది అవతలివాళ్లతో అయినా వినేది వాడంతా. ఎవరి కోడలికి నెల తప్పిందో, ఎవరి ఆడపడుచు అలిగిందో, ఎవరి మామకు షుగర్ ఎంతుందో నాకు వారంలో కంఠతా వచ్చేసింది. రహస్యం అనే మాట ఆ వీధిలో ఎవరూ వాడగా నేను వినలేదు. కాపలాకు ఇంతకంటే సుఖమైన చోటు ఉండదనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

నేను వచ్చిన ఏడాదికి సాయవ్వ పీఎఫ్ డబ్బు పడింది. లక్షా అరవై రెండు వేలు. ఆ మెసేజ్ నేనే చూపించాను. ఆమె ఇంగ్లీషు చదవలేదు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అంకెలు మాత్రం గుక్క తిప్పుకోకుండా చదువుతుంది. కట్టకు ఇరవై అయిదు, వెయ్యికి నలభై కట్టలు అని యాభై ఏళ్లు లెక్కపెట్టిన మనిషి. నన్ను మొహానికి దగ్గరగా పెట్టుకుని ఆరు అంకెలనూ ఒకటికి రెండుసార్లు చదివింది. తరవాత చాట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి, మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ డబ్బుతో ఆమె పిండి గిర్ని కొనాలనుకుంది. ఆ కాలనీకి గిర్ని లేదు, జొన్నలు పట్టించాలంటే రెండు కిలోమీటర్లు పోవాలి. అసలు కారణం వేరే. ఆమెకు రెండేళ్లుగా దగ్గు. పొగాకు పొడి మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. మానేస్తే తినేదేమిటి? మొగుడు రాజలింగం రైస్‌మిల్లులో హమాలీ, అతని నడుము కూడా సగం పోయింది. గిర్ని వస్తే సాయవ్వ చాట ఎత్తిపెడుతుంది, లేకపోతే దగ్గుతూ చుడుతూనే ఉంటుంది. అంతకుమించి మెలిక ఏమీ లేదు. రాజలింగం ముందుగదిలో ఉన్న మంచం తీసేసి, తాడుతో కొలిచి, మిషను కూర్చోబెట్టడానికి గచ్చు కూడా చదును చేశాడు. గోడకు కొత్తగా సున్నం కొట్టాడు. గిర్ని అమ్మేవాడికి ముందుగా కొంత బజానా డబ్బు ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా నాలుగో రోజు పొద్దున నేను మోగాను. సాయవ్వ చిటికెన వేలితో నొక్కి నన్ను నేల మీద పెట్టింది.

"నమస్కారం అమ్మా. నేను పీఎఫ్ కార్యాలయం నుంచి కిరణ్‌ని మాట్లాడుతున్నాను. మీకు వేలిముద్ర పడటం లేదు కదా?"

చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఈ సంగతి ఆఫీసువాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది! నిజానికి వాడికి ఏమీ తెలియదు. బీడీలు చేసే వాడల నంబర్లు ఎక్కడో సంపాదించి వరసగా నొక్కుకుంటూ పోతున్నాడు. ఏ నంబరు ఎత్తినా వేళ్లు అరిగినవాళ్లే, పీఎఫ్ కోసమో ఇంకో డబ్బు కోసమో ఎదురు చూసినవాళ్లే. వాడి జ్యోతిషం అందుకే ఎప్పుడూ తప్పదు.

"పడ్తలేదు సారూ. మూడేండ్లు తిరిగిన," అంది సాయవ్వ.

"అదే సమస్య అమ్మా. వేలిముద్ర సరిపోలకుండానే మీకు డబ్బు పడింది. ఈరోజు పన్నెండు లోపల సరిచూడకపోతే మొత్తం వెనక్కి వెళ్లిపోతుంది. మీరేం కంగారు పడకండి. ఆఫీసుకు కూడా రానవసరం లేదు. అంతా ఫోన్‌లోనే చేసేద్దాం."

మూడేళ్లలో ఆమెతో ఒక్క ఆఫీసువాడు అంత మర్యాదగా మాట్లాడలేదు. అసలు ఆఫీసువాడు కాదని ఆ మర్యాదను బట్టే తెలుసుకోవాల్సింది. డబ్బు వెనక్కి పోవడం అన్న మాట విన్నాక ఆమెకు ఇంకేం వినబడలేదు. పక్కగడపలో గంగామణి తన చాట కింద పెట్టి, "అన్నం సూసొస్త" అని లేచి లోపలికి వెళ్లింది. ఎవరింటి అన్నం వాళ్లు చూసుకోవడంలో వింతేముందని నేనూ పట్టించుకోలేదు.

వాడు ఒక ఫైలు పంపాడు. దాని మీద ప్రభుత్వ ముద్ర, పక్కన "జీవన పత్రం" అని తెలుగులో అక్షరాలు. దొంగకు ఆమె భాష తెలుసు. కాపలాదారునైన నాకే తెలియదు. ఫైలు తెరవగానే నేను నా ధర్మం ప్రకారం అడ్డం నిలబడ్డాను. ఇది హాని చేయవచ్చు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, అయినా లోపల పెట్టుకోమంటారా అని అడిగాను. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. అడిగిన కిందే రెండు బొత్తాలు కూడా పెట్టాను, నా పెద్దమనిషి తరహా అది. "అమ్మా, కుడివైపు ఉన్నది నొక్కండి," అన్నాడు వాడు. ఆమె నొక్కింది. మెసేజీలు చదవనివ్వాలా అని అడిగాను. "మళ్లీ కుడివైపే," అన్నాడు. అలా నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ కుడివైపే. బొత్తాం చూపించి హెచ్చరిక అనుకునే తెలివి నాకు ఎవరు పెట్టారో గానీ వాళ్లకు దండం పెట్టాలి.

తరవాత బ్యాంకు పేజీలాంటి పేజీ ఒకటి వచ్చింది. అందులో పిన్ కొట్టమన్నాడు, కొట్టింది. ఆ పిన్ ఏమిటో మీకు ముందే తెలుసు. బ్యాంకు నుంచి ఓటీపీ రాగానే, దాన్ని వాడు దొంగచాటుగా చదవగలిగినా, నమ్మకం చిక్కబడటానికి కాబోలు, చెప్పమన్నాడు. సాయవ్వ నన్ను ఎత్తి పట్టుకుని, బీడీ కట్టలు లెక్క చెప్పినట్టు, గట్టిగా, తప్పు లేకుండా ఆరంకెలూ చదివి వినిపించింది. ఆమెకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. మూడేళ్లుగా కాని పని పది నిమిషాల్లో అయిపోయింది మరి.

"పని అయిపోయిందమ్మా. ఆశీర్వదించండి," అన్నాడు.

"సల్లగుండు బిడ్డా," అంది సాయవ్వ.

ఆ దీవెన వాడికి అక్షరాలా ఫలించింది. పావుగంటలో లక్ష రూపాయలు నాలుగు ముక్కలై వెళ్లిపోయాయి. బ్యాంకు ప్రతిసారీ నాకు కబురు పంపుతూనే ఉంది. ఆ పాడు ఫైలు నా నోరు నొక్కి పట్టుకుంది. ఒక్క కబురు కూడా తెర మీదకు రానివ్వలేదు. ఆ రోజుకు అంతకంటే తీయడానికి వీల్లేక మిగతా అరవై రెండు వేలు మర్నాడు పొద్దున తీశారు. ఆ రెండు రోజులూ నేను ఆమె నడుము సంచిలోనే ఉన్నాను. ఆమె దగ్గినప్పుడల్లా నా ఒళ్లు అదురుతూనే ఉంది. నాకు సిగ్గేసింది. ఫోన్లకు సిగ్గుండదని ఎవరన్నా అంటే నమ్మకండి.

మూడో రోజు బజానా కోసం పదివేలు తీద్దామని బ్యాంకుకు వెళ్తే ఖాతాలో నాలుగు వందల పన్నెండు రూపాయలున్నాయి. సాయవ్వ ఇంకోసారి చూడమంది. కౌంటర్లో ఉన్నాయన ఇంకోసారి చూశాడు. జరిగింది రాబట్టుకుని, "ఓటీపీ మీరే చెప్పారు కదమ్మా! మీరే చెప్పాక మేమేం చేస్తాం?" అని చేతులు దులిపేసుకున్నాడు. అతని నెత్తి మీద గోడకు పెద్ద పోస్టరు ఉంది, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని. అదీ ఇంగ్లీషే. ఆయన పూర్తిగా చెడ్డవాడు కాదు, గొంతు తగ్గించి, "మొదటిరోజే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే రెండోనాటి అరవై రెండు వేలన్నా ఆగేవి. ఇప్పటికైనా స్టేషన్లో చెప్పండి," అన్నాడు.

స్టేషనుకు వెళ్లాలంటే జరిగింది చెప్పాలి. చెబితే అందరూ అనే మాట ఇప్పుడే విన్నది: నువ్వే చెప్పినవ్ గదా! సాయవ్వ నేరుగా ఇంటికి వచ్చి చాట ముందు కూర్చుంది. ఎంత పోయిందో ఎవరికీ చెప్పలేదు. అసలు పోయిందనే చెప్పలేదు.

"గిర్ని ఎప్పుడొస్తదే?" అని రాజలింగం అడిగాడు.

"ఇంక పైసలు తియ్యనిస్తలేరు. వేలు పడ్తలేదంటున్నరు," అంది.

అతను నమ్మాడు. ఆ వాడలో ఆ అబద్ధానికి మించి నమ్మదగినది లేదు. ఖాళీ చేసిన గదిలోకి మంచం తిరిగి రాలేదు. ఆయన గచ్చు మీద పడుకుంటున్నాడు, ఈమె ఆ గది వైపు చూడటం మానేసింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి పన్నెండు వందలు చుట్టడం మొదలుపెట్టింది. దగ్గు పెరిగింది. చుట్టూ ఫోన్లు స్పీకర్లలో మోగుతూనే ఉన్నాయి. కోడళ్ల సంగతులు, అల్లుళ్ల సంగతులు, షుగర్ల సంగతులు. సూర్యప్రకాశరావు గారు దాచినట్టే ఇక్కడ సాయవ్వ గడపలో కూర్చుని దాస్తోంది. ఆయన డిగ్రీలు ఆయనను కాపాడలేదు, ఈమె యాభై ఏళ్ల కష్టం ఈమెనూ కాపాడలేదు. ఇద్దరూ దొంగను తమ పరువు కింద దాచిపెట్టారు.

తొమ్మిదో రోజు బీడీలు అప్పజెప్పే రోజు. కార్ఖానా ముందు పాతికమంది ఆడవాళ్లు గంపలు పెట్టుకుని వరసలో కూర్చున్నారు. గుమస్తా ఒక్కో కట్టా విప్పి చూస్తూ, సరిగా లేనివి ఏరి పారేస్తున్నాడు. వరసలో ముందున్న సరోజ ఫోన్ మోగింది. సరోజ చిన్నది, మొగుడు చనిపోయాక అతని బీమా డబ్బు ఈమధ్యనే పడింది. ఆమె అలవాటుగా స్పీకర్ పెట్టి ఒళ్లో ఉంచుకుంది.

"నమస్కారం అమ్మా. మీకు వేలిముద్ర పడటం లేదు కదా?"

నేను సంచిలో ఉండే గుర్తుపట్టాను. సాయవ్వ కూడా గుర్తుపట్టింది. సంచి మీద ఉన్న ఆమె చెయ్యి నన్ను గట్టిగా పట్టుకుంది. లేవాలి. లేస్తే పాతికమంది ముందు తెలిసిపోతుంది, సాయంత్రానికి రాజలింగానికి తెలుస్తుంది. లేవకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. సరోజకు తప్ప. అవతల కుడివైపు బొత్తాల పాఠం మొదలైంది. ఒకటి. రెండు. "ఆ, నంబరచ్చింది సారూ, చెప్తున్న," అంది సరోజ.

"జెప్పకు!"

ఆ కేకకు గుమస్తా చేతిలో కట్ట జారింది. సాయవ్వ గంప తన్నుకుంటూ వెళ్లి సరోజ ఒళ్లోని ఫోన్ లాక్కుంది. కంగారులో ఎక్కడ నొక్కాలో తోచక, ఫోన్ మొత్తం ఆగిపోయేదాకా నొక్కి పట్టుకుంది. బీడీలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

"ఏందత్తా, ఏమైంది నీకు?" అని సరోజ బిత్తరపోయింది.

"నా లక్షా అరవై రెండు వేలు గా గొంతే మింగింది," అంది సాయవ్వ. ఆయాసంతో మాట ఆగిపోయింది, దగ్గు వచ్చింది, దగ్గు మధ్యలోనే చెప్పింది. "నేనే జెప్పిన నంబరు. నేనే నొక్కిన. తొమ్మిది రోజులాయె. మా ఇంటాయనకు గూడ జెప్పలే. గిప్పుడు నవ్వేటోళ్లు నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలోంచి గంగామణి అంది, "నాయి ముప్పై ఎనిమిది వేలు."

తరవాత మూలనున్న ఒకామె తనవి పదకొండు వేలంది. ఇంకొకామె తన బిడ్డ కాలేజీ ఫీజుకు దాచినవంది. చూస్తుండగానే అయిదుగురు తేలారు. ఎవరి నడుము సంచిలో చూసినా నాలాగే నోరు నొక్కేసిన ఫోన్ ఒకటి. షుగర్ ఎంతుందో ఊరంతా వినే వాడలో అయిదు దొంగతనాలు ఎవరి చెవినా పడకుండా జరిగిపోయాయి.

సాయవ్వ గంగామణి వైపు తిరిగింది. "నీయి ఎప్పుడు పోయినయి?"

"నీ కంటె పన్నెండు రోజుల ముంగట." గంగామణి తల ఎత్తలేదు. "నీకు ఫోనొచ్చిన్నాడు నాకు సమజైంది అక్కా. అన్నం సూస్త అని లోపటికి పోయి తలుపు సాటుకు నిలబడ్డ. జెప్పుదామనుకున్న. నువ్వు నవ్వుతవేమో అని నోరు రాలే."

ఇక్కడ సాయవ్వ ఆమెను కొడుతుందని నేను అనుకున్నాను, కొట్టినా తప్పులేదనుకున్నాను. లక్షా అరవై రెండు వేలు తలుపు చాటున నిలబడి పోనిచ్చిన మనిషి గంగామణి. సాయవ్వ నేల మీద కూలబడి, పడిపోయిన బీడీలు ఒక్కొక్కటే ఏరి గంపలో వేసింది. చివరి బీడీ వేస్తూ అంది, "నవ్వుతుంటినేమో." తరవాత లేచి, "నడువుండ్రి, టేషన్‌కు పోదాం," అంది. గుమస్తా బీడీలు చూడడం అయిపోలేదని గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

స్టేషన్లో మా అయిదు ఫోన్లనూ ఆధారాల కింద జమ చేసుకున్నారు. గుడ్డలో చుట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టారు. ఆ చీకట్లో తోటి ఫోన్లతో పోల్చి చూసుకుంటే మా అందరి తాళమూ ఒకటీ రెండూ మూడూ నాలుగే. సరోజ డబ్బు దక్కింది. మిగతావాళ్లకు పెద్దగా ఏమీ రాలేదు. సాయవ్వ డబ్బులో ఎక్కడో ఒక ఖాతాలో ఇరవై రెండు వేలు ఆగిపోయి ఉన్నాయని, కోర్టు చెప్పాక ఇస్తారని అన్నారు.

నాలుగు నెలలకు ఇద్దరు దొరికారు. ఆ రోజు నన్ను బీరువాలోంచి తీసి, పెద్ద బల్ల మీద, తెల్లగుడ్డ పరిచి, సంతలో వంకాయల్లా మమ్మల్నందరినీ వరసగా పేర్చారు. పత్రికల వాళ్లు, టీవీల వాళ్లు వచ్చారు. పట్టుబడ్డ ఇద్దరినీ తెచ్చి వెనక నిలబెట్టారు. ఇద్దరి తలలకూ నల్ల ముసుగులు, కళ్లకు మాత్రం కంతలు. వాళ్ల మొహాలు బయటపడకూడదట, వాళ్లకూ హక్కులుంటాయట. నిజమే, ఉంటాయి. ఆ ముసుగుల వెనక నేను రెండుసార్లు విన్న "నమస్కారం అమ్మా" ఉంది.

సాయవ్వను కూడా పిలిపించారు. ఆమె పనిలోంచి నేరుగా వచ్చింది. వేళ్లకు పొగాకు పొడి అలాగే ఉంది. పక్కన రాజలింగం ఉన్నాడు. అతనికి విషయం తెలిశాక ఏమన్నాడో నాకు తెలియదు, నేనప్పటికే బీరువాలో ఉన్నాను. ఆమె చెయ్యి మాత్రం పట్టుకుని ఉన్నాడు.

సీఐ గారు జరిగిందంతా చెప్పి, చివర్లో పత్రికల వాళ్లతో, "బాధితురాలి పేరు రాయకండి. ఆడమనిషి, పెద్దావిడ. పరువు సమస్య. 'ఒక మహిళ' అని రాసుకోండి, ఫోటో వద్దు," అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. పత్రికల వాళ్లు తలలూపి రాసుకోబోయారు.

"జర ఆగుండ్రి సారూ," అంది సాయవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ముసుగుల వైపు చూసింది, తరవాత సీఐ గారి వైపు.

"దొంగతనం జేసినోళ్ల మొఖాలకు గుడ్డ కట్టిండ్రు. సరే, మీ కానూను మీది. నా పేరుకెందుకు సారూ గుడ్డ? నేనేం దొంగిలిచ్చిన? రాసుకో బిడ్డా. గుండేటి సాయవ్వ. బీడీ కాలనీ."